‘దీపం’ ఆరాక ఎటు పోయాం?

ఒక సీరియల్ అయిపోతే ఇంకోటి పెట్టుకోవడమేగా అంటారు. ఖతార్ క్యాంపుల్లో మనోళ్లకు అదంత తేలిక కాలేదు

ఖతార్‌లో సాయంత్రం ఐదైతే మన దగ్గర ఏడున్నర. రెండున్నర గంటల తేడా. కొత్తగా వచ్చినవాళ్లు ఈ లెక్కను గడియారంతో కాదు, ‘కార్తీక దీపం’తో నేర్చుకున్నారంటే నమ్మండి. ఊళ్లో అమ్మలూ అక్కలూ ఇంటోళ్లూ స్టార్ మా పెట్టుకుని కూర్చునే వేళకు మేం ఇంకా సైటు గేటు దగ్గర, హెల్మెట్ చంకలో పెట్టుకుని బస్సు కోసం లైన్లో ఉంటాం. బస్సు సనయ్యా చేరి, స్నానాలకు వంతులు అయ్యి, కుక్కర్ కూత పెట్టేసరికి అక్కడ కథ అయిపోయి గంటన్నర దాటిపోతుంది. అప్పుడు ఫోను. ఆ ఫోనులో సగం మాట్లాడేది దీప గురించీ, డాక్టర్ బాబు గురించీ, మోనిత గురించీ.

మా రూములో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. తిండి అయ్యేదాకా ఇవాళ్టి ఎపిసోడ్ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఇంటికి ఫోన్ చేసుకున్నవాడికి కథ ముందే తెలిసిపోతుంది కదా, వాడు నోరు మూసుకుని తినాలి. తిన్నాక ఒకడి ఫోన్‌లో డౌన్‌లోడ్ అయింది షేర్‌ఇట్‌లో ఎనిమిది మందికీ పాకేది. ఒక్క శుక్రవారం మాత్రం సెలవు కాబట్టి ఇంటోళ్లతో పాటే చూసేవాళ్లం. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్లో శుక్రవారం ఎపిసోడ్ ఒక్కటే మాకు ‘లైవ్’. ఎండాకాలంలో ఇంకో వెసులుబాటు ఉంది. 2021 నుంచి ఇక్కడ జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదని రూలు. ఆ విరామంలో రెస్ట్ ఏరియాలో నడుం వాల్చి, నిన్నటి ఎపిసోడ్ చెవిలో పెట్టుకునేవాళ్లు ఎంతమందో!

‘మగోళ్లు సీరియళ్లు చూడటమేంది’ అని నవ్వేవాళ్లు నవ్వారు. మేం సూపర్‌వైజర్లం, నాలుగు అక్షరాలు చదివి డిప్లొమా పుచ్చుకున్నవాళ్లం కూడా మొదట్లో నవ్వినవాళ్లమే. ఆరు నెలలు గడిస్తే తెలిసింది, వాళ్లు చూస్తున్నది సీరియల్ కోసం కాదని.

‘తిన్నవా? తిన్న’

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ సంగతి చెప్పుకోవాలి. అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. వాళ్లమ్మ ఆరోగ్యం గురించి అడిగితే ‘మంచిగనే ఉన్న బిడ్డా’ అంటుంది. అప్పు గురించి అడిగితే ‘నువ్వేం ఫికర్ చేయకు’ అంటుంది. కానీ సీరియల్ గురించి అడిగితే మాత్రం ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్తుంది. ఆ ఇరవై నిమిషాల్లో అసలు సంగతులన్నీ జారిపడతాయి. ‘దీపకు గట్ల దగ్గు రావట్టె, నాకూ నిన్న రాత్రంత దగ్గే’ అని ఒక మాట. ‘సౌందర్య గట్ల కోడలి దిక్కు నిలబడ్డది సూడు, మన పెద్దవ్వ నిలబడ్డదా’ అని ఇంకో మాట. కొడుక్కి అమ్మ ఎట్లుందో దీప దగ్గును బట్టి తెలియాలి.

2023 జనవరి 23న ‘కార్తీక దీపం’ అయిపోయింది. ఆ వారం తర్వాత వాళ్ల ఫోన్ మూడు నిమిషాలకు వచ్చింది. ‘తిన్నవా?’ ‘తిన్న.’ ‘నువ్వు తిన్నవా?’ ‘తిన్న.’ ‘డ్యూటీ ఉన్నదా రేపు?’ ‘ఉన్నది.’ ‘మంచిది, పెట్టెయ్యి మరి.’ అంతే. ఆ కుర్రాడు ఫోన్ పక్కన పెట్టి, ‘అన్నా.. అమ్మ ఇంక ఏం జూస్తున్నదో అడగలె’ అన్నాడు. ఒక సీరియల్ ముగిస్తే ఏం పోతుందని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

వారపత్రికల నాటి అలవాటే

ఇదేం కొత్త జబ్బు కాదు. మా అమ్మలు వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివిన తరం. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ వచ్చినన్నాళ్లు ఆ పుస్తకం ఇంటింటికీ తిరిగేదట. కథ అయిపోతే ఊరుకోలేదు జనం, తర్వాత ‘తులసి’ పేరుతో కొనసాగింపు కూడా వచ్చింది. ఇష్టపడ్డ మనుషుల్ని వదులుకోవాలంటే పాఠకుడికైనా ప్రేక్షకుడికైనా బాధే. రాసేవాళ్లకూ తీసేవాళ్లకూ ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

మేం హైస్కూలు, పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఇంట్లో నడిచింది జెమినీలో ‘చక్రవాకం’. మంజుల నాయుడు దర్శకత్వం. 2003లో మొదలై 2008 ఫిబ్రవరిలో ముగిసింది. అదే నెలలో, అదే చానల్లో, అదే దర్శకురాలి ‘మొగలిరేకులు’ మొదలైంది. ఇంద్రనీల్ రెండిట్లోనూ ఉన్నాడు, సెల్వరాజ్ ఉన్నాడు, సాగర్ ఉన్నాడు. ప్రేక్షకురాలికి ఇల్లు మారినట్టే అనిపించలేదు, అదే ఇంట్లో ఇంకో గదిలోకి వెళ్లినట్టు ఉంది. మాకు తెలిసినంతలో తెలుగు బుల్లితెర మీద ఒక సీరియల్ అభిమానుల్ని ఇంకో సీరియల్‌కు ఇంత పద్ధతిగా అప్పగించింది అప్పుడే.

మా పనిలో ఒక మాట ఉంటుంది. గట్టిపడిన కాంక్రీటు మీద కొత్తది పోయాలంటే ముందు పాతదాన్ని చెక్కి, గరుకు చేసి, దుమ్ము కడిగి, తడిపి, అప్పుడు పోయాలి. లేకపోతే రెండూ అతుక్కోవు, ఆ కీలులోంచి నీళ్లు కారతాయి. చక్రవాకం నుంచి మొగలిరేకులకు ఆ పని బాగా జరిగింది. అందుకే అది కూడా ఐదేళ్లు దాటి, 1,300 ఎపిసోడ్లకు పైగా నడిచింది.

2013 మేలో ‘మొగలిరేకులు’ ముగిసినప్పుడు మాలో కొందరం అప్పటికే ఇక్కడికి వచ్చేశాం. సనయ్యాలో మొబైల్ షాపుల్లో మెమొరీ కార్డులో సీరియళ్లు ఎక్కించి ఇచ్చే రోజులవి. ముగిసిన తర్వాత కూడా మొదటి ఎపిసోడ్ నుంచి ఎక్కించుకుని మళ్లీ చూసినవాళ్లు ఉన్నారు. ఆర్కే నాయుడు పాత్ర వేసిన సాగర్ సినిమాల్లోకి వెళ్తే, 2016లో వచ్చిన ‘సిద్ధార్థ’ను ఊరి నుంచి కాపీ తెప్పించుకుని చూశారు. సినిమాలో ఆయన పేరు ఏదైతేనేం, మా వాళ్లకు ఆర్కే నాయుడే. నటుడి వెంట పోయేవాళ్లు ఇట్లాంటి వాళ్లు. సంఖ్య తక్కువ, పట్టుదల ఎక్కువ.

పునాదుల నుంచి కప్పు దాకా

‘కార్తీక దీపం’ 2017 అక్టోబర్ 16న మొదలైంది. అప్పటికి లుసైల్ స్టేడియం పునాదుల దశలో ఉంది. సీరియల్ ముగిసేనాటికి అదే స్టేడియంలో మెస్సీ కప్పు ఎత్తి 36 రోజులైంది. మధ్యలో 1,500కు పైగా ఎపిసోడ్లు. రెండేళ్ల కాంట్రాక్టు లెక్కన చూస్తే రెండున్నర కాంట్రాక్టులు. ఒక మేసన్ పెళ్లి చేసుకుని వచ్చి, కూతురు పుట్టి, ఆ కూతురు స్కూలుకు పోయేదాకా ఆ సీరియల్ నడుస్తూనే ఉంది. ఈ దేశంలో రోడ్లూ, మెట్రో, స్టేడియాలూ లేచిన కాలం అంతా మా సాయంత్రాలు దీపవే.

ఆ మధ్యలో కరోనా. 2020 మార్చి 17న ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకటో వీధి నుంచి ముప్పైరెండో వీధి దాకా మూసేశారు. వారం దాటగానే ఇండియాలోనూ లాక్‌డౌన్. షూటింగులు ఆగాయి, సీరియళ్లు ఆగాయి, పాత ఎపిసోడ్లు మళ్లీ వేశారు. దూరదర్శన్‌లో 1987 నాటి ‘రామాయణ్’ మళ్లీ వచ్చింది. రూములో మంచాల మీద ఎనిమిది మందిమి, ఊళ్లో గడప దాటకుండా ఇంటోళ్లు, అందరం చూసిందే చూశాం. కొత్త ఎపిసోడ్ లేకపోయినా ఎవరూ వేరేదానికి పోలేదు. ఆగిపోయింది, అయిపోలేదు కాబట్టి ఎదురుచూడొచ్చు. రెండిటికీ ఎంత తేడా ఉందో అప్పుడే తెలిసింది.

అసలు పరీక్ష 2022 మార్చిలో వచ్చింది. కథలో దీప, కార్తీక్ ప్రమాదంలో పోయారు. పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యారు, కొత్త నటులు వచ్చారు. టైటిల్ అదే, పాట అదే, టైమూ అదే. కానీ మా రూములో మూడో రోజుకే నలుగురు మానేశారు. ‘వంటలక్క లేకుండ గిదేం దీపం’ అన్నది ఒక్కటే మాట. ఊళ్లోనూ అదే మాట అయ్యుంటుంది, కొన్ని నెలలకే ప్రేమీ విశ్వనాథ్‌నూ, నిరుపమ్‌నూ వెనక్కి తీసుకొచ్చారు. చచ్చిపోయినవాళ్లు ఎట్లా బతికారని మాలో ఒక్కడూ అడగలేదు. వచ్చారు, చాలు. లెక్కలూ కొలతలూ చూసే మాలాంటి వాళ్లం కూడా నోరెత్తలేదు.

అట్లా వచ్చినవాళ్లతో కూడా 2023 జనవరిలో కథ ముగిసింది. మరునాడే అదే ఏడున్నరకు ‘బ్రహ్మముడి’ వేశారు. చానల్ వాళ్ల లెక్క సరైందే. మనిషి కంటే టైము గొప్పది. ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే అలవాటు ఐదేళ్లు పడ్డవాళ్లు ఏడున్నరకు ఏం వేసినా పది రోజులు చూస్తారు. ఆ పది రోజుల్లో కావ్య అక్క అయిపోతుంది, రాజ్ బావ అయిపోతాడు. ఊళ్లో ఆడవాళ్లలో ఎక్కువమంది అట్లాగే మారారు.

మా సంగతి అట్లా కాలేదు. మాకు టైము లేదు, ఫోన్ ఉంది. టైము కట్టుబాటు లేనివాడికి స్లాటు పనిచేయదు. మాకు రూమే స్లాటు. సరిగ్గా ఆ నెలల్లోనే రూము చెదిరిపోయింది. వరల్డ్ కప్ అయిపోయింది, పెద్ద ప్రాజెక్టులు ముగిశాయి, కాంట్రాక్టులు రెన్యూవల్ కాలేదు. ఎనిమిది మందిలో ముగ్గురు ఎగ్జిట్ మీద ఊరికి పోయారు, ఒకరు సౌదీకి, ఒకరు దుబాయ్‌కి. మిగిలిన ముగ్గుర్ని వేరే క్యాంపులో వేరే వేరే రూముల్లో సర్దారు. అక్కడ ఒక రూములో క్రికెట్, ఒక రూములో పాత సినిమాలు. దీప పోయిందా, దీపను చూసే రూము పోయిందా అంటే ఇప్పటికీ చెప్పలేం.

పక్క రూములో అదే కథ

ఈ సంగతుల్లో ఒక తమాషా ఉంది. దీప మన అమ్మాయి కాదు. ‘కార్తీక దీపం’ మలయాళం ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. ఏషియానెట్‌లో 2014లో మొదలైన ఆ సీరియల్లో నాయిక కూడా ప్రేమీ విశ్వనాథే. అక్కడ మధ్యలోనే ఆ పాత్ర వదిలేసి, ఇక్కడ మనకు వంటలక్క అయింది. మా పక్క రూములో మలయాళీలు ఒకసారి మా ఫోన్లలోకి తొంగిచూసి ‘ఇది మా కార్తు కదా, మీ దగ్గరెందుకుంది’ అని అడిగారు. మేం నమ్మలేదు. వాళ్లు పాత క్లిప్ చూపించాక అరగంట సేపు ‘ఎవరి దీప’ అనే పంచాయితీ నడిచింది. చివరికి మెస్‌లో వంటాయన బెంగాలీ, ఆయన ఒక్క మాటతో తేల్చాడు. ‘మీ రెండు భాషల్లో వచ్చేవాటిలో సగం మావి’ అన్నాడు.

అబద్ధం కాదది. ‘ఇంటింటి గృహలక్ష్మి’లో తులసి కథ బెంగాలీ ‘శ్రీమోయీ’ది. అదే కథ హిందీలో ‘అనుపమా’, మలయాళంలో ‘కుడుంబవిళక్కు’, తమిళంలో ‘బాక్యలక్ష్మి’. ‘గుప్పెడంత మనసు’ బెంగాలీ ‘మోహర్’ నుంచి వచ్చింది. ‘బ్రహ్మముడి’ కూడా బెంగాలీ ‘గాట్‌ఛోరా’యే. అంటే ఒకే క్యాంపులో ఒకే రాత్రి, నాలుగు రూముల్లో నాలుగు భాషల్లో, ఒకే మొగుడు ఒకే పెళ్లాన్ని వదిలేస్తున్నాడన్నమాట!

దీనివల్ల ఇక్కడ కొత్త దారి ఒకటి పడింది. తెలుగులో ‘గృహలక్ష్మి’ 2024 జనవరిలో అయిపోయాక, సిద్దిపేట వైపు పెద్దాయన ఒకరు, స్టీల్ ఫిక్సర్, హిందీ ‘అనుపమా’లోకి మారిపోయాడు. హిందీ ఆయనకు ఇక్కడే వచ్చింది, నేపాలీలతో పనిచేసి. ‘తులసి మనకు సెలవు పెట్టింది గని, హిందీల ఇంక డ్యూటీల ఉన్నది’ అంటాడు. అభిమానానికి భాష అడ్డం కాదని పెద్దపెద్ద మాటలు మేం చెప్పం గానీ, భాష దాటడం ఊళ్లో ఉన్నవాళ్లకంటే మాకే సులువు. ఎటు తిరిగినా ఆరు భాషలు వినపడే చోట ఉన్నాం మరి. ‘గృహలక్ష్మి’లోకి మధ్యలో సామ్రాట్‌గా ఇంద్రనీల్ వచ్చినప్పుడు, మొగలిరేకుల ధర్మ తిరిగొచ్చాడని అప్పటిదాకా ఆ సీరియల్ ముఖం చూడని పాతకాపులు వచ్చి చేరారు. వాళ్లకు తులసి ఎవరో తెలియదు, ధర్మ తెలుసు.

అరబ్బు ఇళ్లలోనూ

ఇళ్లలో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా ఉన్న మనోళ్లు చెప్పే సంగతులు ఇంకో రకం. అరబ్బు ఇళ్లలో టర్కీ సీరియళ్లు ఎంత ఇష్టమో వాళ్లకు బాగా తెలుసు. 2008లో ఎంబీసీ ‘నూర్’ పేరుతో ఒక టర్కీ సీరియల్‌ను సిరియా యాసలో అరబ్బీలోకి డబ్ చేసి వేసింది. చివరి ఎపిసోడ్‌ను ఎనిమిదిన్నర కోట్ల మంది చూశారని ఆ చానల్ చెప్పుకుంది. అయిపోయాక జనం ఆగారా? ఆ సీరియల్లో కనబడ్డ ఊళ్లు చూడ్డానికి టర్కీకి ప్రయాణాలు కట్టారు, ఒకదాని వెంట ఒకటి టర్కీ సీరియళ్లు చూశారు. వాళ్లది ఒక నటుడి అభిమానం కాలేదు, మొత్తం టర్కీ అభిమానం అయింది. మనోళ్లలో ‘చిన్నారి పెళ్లికూతురు’ డబ్బింగ్ చూసి, అది అయ్యాక వరసగా హిందీ డబ్బింగులే చూసిన ఆడవాళ్లు లేరా, అట్లాగే.

కానీ 2018 మార్చిలో ఎంబీసీ ఉన్నట్టుండి టర్కీ సీరియళ్లన్నీ ఆపేసింది. కథ మధ్యలో! కారణం సీరియల్లో లేదు, దేశాల మధ్య ఉంది. ఆ ముందు ఏడాది జూన్‌లోనే ఖతార్ మీద పొరుగు దేశాలు దిగ్బంధం పెట్టాయి, రాజకీయాలు వేడిగా ఉన్న రోజులు. మంగళగిరి దగ్గర నుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవర్ గారు చెప్పారు: ‘మా మేడమ్ గారు నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదండీ. ఐదో రోజు ల్యాప్‌టాప్‌లో ఎక్కడో పట్టుకున్నారు. అరబ్బీ లేదు, ఒట్టి టర్కీ భాషే. అర్థం కాకపోయినా చూశారండీ.’ మా మెమొరీ కార్డు రోజులు గుర్తొచ్చాయి. డబ్బున్నోళ్లకైనా కథ మధ్యలో తెగితే ఒకటే తిప్పలు.

నవ్వు బ్యాచ్

సీరియల్ అంటే గిట్టని వర్గం ఒకటి ప్రతి క్యాంపులో ఉంటుంది. వాళ్లది ‘జబర్దస్త్’. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ఆ షో గల్ఫ్‌లో అలసిపోయిన మగవాళ్లకు ఎంత ఆసరా అయిందో, అందులో నటించినవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. సీరియల్‌కు ముగింపు ఉంటుంది, స్కిట్లకు ముగింపు ఉండదు. కానీ మనుషులు వెళ్లిపోతారు. 2019లో జడ్జి నాగబాబు వెళ్లిపోయి జీ తెలుగులో ‘అదిరింది’లో కూర్చున్నారు. మా దగ్గర కొన్ని వారాలు రెండు పార్టీలు. ఆయన వెంట పోయినవాళ్లు, ఈటీవీలోనే ఉన్నవాళ్లు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా స్కిట్టు ఎక్కడ పండితే అక్కడికే చేరారు చివరికి. 2022లో రోజా మంత్రి అయ్యి షో వదిలారు, అనసూయ వెళ్లారు, సుధీర్ లేడు. అప్పుడు మొదలైంది పాత ఎపిసోడ్ల కాలం. కొత్తది ఎన్ని వచ్చినా ‘పాత సుడిగాలి సుధీర్ టీమ్ పెట్టన్నా’ అంటారు.

పాతదానిలోనే ఉండిపోవడంలో ‘అమృతం’ అభిమానుల్ని మించినవాళ్లు లేరు. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నుంచి 2007 దాకా జెమినీలో వారానికోసారి వచ్చింది. అమృతరావు వేషం మొదట శివాజీరాజాది, తర్వాత నరేష్‌ది, ఆ తర్వాత హర్షవర్ధన్‌ది. నటుడు మారితే అభిమానం పోతుందన్న లెక్కకు ఇది అడ్డం తిరుగుతుంది. దీప మారితే మూడు రోజులు ఓర్చుకోలేని మేమే అమృతరావు ముగ్గురైనా ఏమీ అనలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నారుగా. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయినరోజు మా క్యాంపులో రెండు రూముల్లో రాత్రంతా అమృతం నడిచింది. 2020లో జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినా, మా వాళ్లు మళ్లీ పాత అంజి దగ్గరికే వెళ్లారు.

ఆర్మీలు

ఇక బిగ్‌బాస్. సీరియల్ అయిపోయినవాళ్లు ఎక్కువమంది కురిసే గొడుగు అది. తప్పు, తడిసే గొడుగు అనాలేమో! 2018లో రెండో సీజన్‌లో ‘కౌశల్ ఆర్మీ’ అని బయల్దేరింది. మా సైట్లలోనూ చేరారు. ఇక్కడి నుంచి ఓటు పడదని ఊళ్లో ఇంటోళ్ల చేతా, బావమరుదుల చేతా వేయించారు. కౌశల్ గెలిచాడు. వచ్చే ఏడాదికి అదే కుర్రాళ్లు రాహుల్ సిప్లిగంజ్ వెనక ఉన్నారు. సీరియల్ అభిమానికి ఐదేళ్లు పట్టే ప్రేమ, విరహం బిగ్‌బాస్ అభిమానికి నూటఐదు రోజుల్లో అయిపోతాయి. మాకు ఇందులో పెద్ద రుచి కనబడలేదు గానీ, 2023 ఏడో సీజన్ మాత్రం వేరు.

దీప పోయిన ఏడాదే అది. హౌస్‌లోకి మోనిత వచ్చింది! అంటే శోభాశెట్టి. ఐదేళ్లు తిట్టిపోసిన మోనిత. ‘ఎప్పుడు పోతదో సూస్త’ అని కూర్చున్న ఒక ప్లంబర్ మూడో వారానికి ‘పాపం, ఏడుస్తున్నదన్నా’ అన్నాడు. ‘జానకి కలగనలేదు’ అభిమానులకు అమర్‌దీప్, ప్రియాంక ఇద్దరూ ఒకే ఇంట్లో దొరికారు. వీళ్లందరి మధ్య సిద్దిపేట జిల్లా నుంచి ఒక రైతు బిడ్డ, పల్లవి ప్రశాంత్. మన తెలంగాణ కూలీ రూములన్నీ అటే ఒరిగాయి. సీరియల్ నటుల్ని చూద్దామని వెళ్లినవాళ్లు రైతు దగ్గర ఆగిపోయారు. డిసెంబర్‌లో గెలిచాక స్టూడియో బయట అభిమానులు బస్సుల అద్దాలు పగలగొట్టడం, కేసులు, అరెస్టులు అయ్యాయి. అది చూసి మా రూముల్లో కొందరు ఆర్మీ పేరెత్తడం మానేశారు. ఇక్కడ ఉండేవాడికి పోలీస్ కేసు అన్న మాట వింటేనే గుండె ఆగుతుంది, ఎవరిదైనా సరే.

‘గుప్పెడంత మనసు’ వాళ్ల గోల చిన్నగా చెప్పి వదిలేస్తాం. రిషి సార్, వసుధార. రిషి సార్ కొన్ని నెలలు కనబడకుండా పోతే, ఊళ్లో డిగ్రీ చదివే చెల్లెళ్లు ఇక్కడి అన్నలకు ఫోన్ చేసి ఏడ్చిన సందర్భాలున్నాయి. అన్నకు రిషి ఎవరో తెలియదు, చెల్లి ఏడుస్తోందని మొదటి నుంచి చూడటం మొదలెట్టాడు ఒకడు. 2024 ఆగస్టు 31న ఆ సీరియల్ ముగిసేనాటికి చెల్లి వేరే సీరియల్‌కు ఎప్పుడో పోయింది. అన్న ఒక్కడే చివరిదాకా చూశాడు.

మళ్లీ ఏడాదికి

2024 మార్చి 25. ‘కార్తీక దీపం - ఇది నవవసంతం’ మొదలు. రాత్రి ఎనిమిదికి, అంటే మాకు ఐదున్నర. రంజాన్ నెల కావడంతో ఇక్కడ డ్యూటీ రోజుకు ఆరు గంటలే, అప్పటికి అందరం రూముల్లోనే ఉన్నాం. పాత ఎనిమిది మందీ సౌదీ, దుబాయ్, జగిత్యాల, ఇక్కడా ఒకే టైముకు చూడాలని ముందే చెప్పుకున్నాం. ప్రేమీ విశ్వనాథ్ వచ్చింది, నిరుపమ్ వచ్చాడు. పేర్లు దీప, కార్తీక్. కానీ కథ వేరు. మోనిత లేదు, జ్యోత్స్న ఉంది. సౌదీలో ఉన్నాయన రెండు వారాలకే ‘వీళ్లు వేరేవాళ్లు’ అని తేల్చి మానేశాడు. దుబాయ్ తమ్ముడు ‘వేరే అయితేంది, వంటలక్క వంటలక్కే’ అని నిలబడ్డాడు. ఇద్దరికీ ఆ విషయంలో కొన్నాళ్లు మాటలు కూడా లేవు.

మా జగిత్యాల కార్పెంటర్ ఆ ఏడాది ఏం చేశాడో చెప్పలేదు కదూ. ఎగ్జిట్ మీద పోయిన ముగ్గురిలో అతను లేడు, ఇక్కడే ఉన్నాడు. మూడు నిమిషాల ఫోన్లు నెల రోజులు ఓర్చుకుని, ఒకనాడు అడిగేశాడు: ‘అమ్మా, గిప్పుడు ఏం జూస్తున్నవ్?’ ‘బ్రహ్మముడి’ అంది. అప్పటికి ముప్పై ఎపిసోడ్లు అయిపోయాయి. శుక్రవారం రూములోంచి కదలకుండా వరసబెట్టి పదిహేను చూశాడు. శనివారం ఫోన్‌లో ‘గా స్వప్న మంచిది కాదమ్మా’ అన్నాడట. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె మొదలుపెడితే పద్దెనిమిది నిమిషాలు.

నవవసంతం వచ్చాక ఆమె రెండూ చూడటం మొదలెట్టింది. ‘ఈ దీప ఆ దీప కాదు బిడ్డా, గని మొఖం మంచిగనే ఉన్నది, ఉండనియ్’ అని తీర్పు చెప్పింది. కొడుక్కి మాత్రం ఒక ఆర్డరు వేసింది. ఎనిమిదిన్నర దాటాకే ఫోన్ చేయాలి, అంతకుముందు చేస్తే ఎత్తదు. మాకు ఆరు గంటలు. ఆ టైముకు అతని బస్సు ఇంకా సల్వా రోడ్డు మీదే ఉంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, పక్కసీటు నేపాలీ తమ్ముడికి అర్థం కాని భాషలో ‘అయితే కావ్య ఏమన్నదే మరి?’ అని అడుగుతూ కనబడేవాడు.